నజ్లా పెళ్లికి వచ్చిన మూడు అట్టపెట్టెలు

కైరోలో మా షుబ్రా పేటలో ఎవరైనా "అబ్బే, ఏమీ లేదండీ" అన్నారంటే ఏదో ఉన్నట్టే. కడుపుతో ఉన్నావిడ అజీర్తి అంటుంది. కొత్త ఫ్లాటు కొన్నవాడు అద్దె కట్టలేక చస్తున్నానంటాడు. కొడుకు క్లాసులో మొదటివాడిగా వచ్చిన తల్లి, "ఏదో గట్టెక్కాడమ్మా" అని తలగుడ్డ అంచుతో కళ్లొత్తుకుంటుంది. అంతా దిష్టి భయం. మంచి జరిగితే ముందు దాన్ని దాచాలి, తీరిక దొరికితే తర్వాత అనుభవించాలి. నేను కైరోలోనే పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివి, ఈ వీధిలోకే కాపురానికి వచ్చినదాన్ని. ఈ సంగతి నాకు తెలియదని బుకాయించలేను.

అందుకే ఆ రోజు మెట్ల మీద రెండో అంతస్తు ఉమ్మ్ వలీద్, అంటే వలీద్ వాళ్లమ్మ, అడిగినప్పుడు ఏదైనా చక్కటి అబద్ధం చెప్పి ఉండాల్సింది. నిజం చెప్పాను. కొంప మునిగింది.

నజ్లా నా ఆడపడుచు, మా ఆయన హుసామ్‌కి చెల్లెలు. వీధి చివర మందులషాపులో ఫార్మసిస్టు. ముప్పై దాటింది. ఎంత దాటిందో ఆమెకన్నా మా వీధి ఆడవాళ్లకు బాగా గుర్తు. తలనొప్పి బిళ్లకి వచ్చినవాళ్లు కూడా బిళ్ల తీసుకుని, "త్వరలో నీ పెళ్లిభోజనం పెట్టించు తల్లీ" అని దీవించిగాని కదలరు. మేం నాలుగో అంతస్తులో ఉంటాం. మా కింద, మూడో అంతస్తులో నజ్లా, మా అత్తగారు హాజ్జా ఫిక్రియ్యా ఉంటారు. ఆ ఇంట్లో నజ్లాకి ఒక గది ఉండేది. ఇప్పుడు ఆ గదిలో నజ్లా పెళ్లి కాపురముంటోంది.

మా పద్ధతి ప్రకారం మగపెళ్లివారు ఇల్లు చూపించాలి, ఆడపెళ్లివారు ఇంటిసామాను తేవాలి. మా అత్తగారు ముందుచూపున్న మనిషి. కూతురు బళ్లో చేరిన ఏడాదే తువ్వాళ్లతో మొదలుపెట్టింది. తర్వాత దుప్పట్లు, గిన్నెల సెట్లు, గాజుగ్లాసులు, టీ కప్పులు, ఎవరూ ఎప్పుడూ వాడని చేపల పళ్లేలు. పెళ్లికొడుకు ఆలస్యం చేశాడు గాని గిన్నెలు ఆలస్యం చేయలేదు. మొదట మంచం కింద సర్దుకున్నాయి, తర్వాత మంచం మీదకెక్కాయి, చివరికి మంచాన్నే బయటికి తోశాయి. నజ్లా మంచం తల్లి గదిలోకి వెళ్లింది, మంచం వెనకే నజ్లా వెళ్లింది. మా అత్తగారి గురక గురించి కోడలిగా నేనేమీ అనకూడదు. మూడో అంతస్తులో ఆవిడకి నిద్రపట్టిందా లేదా అన్నది నాలుగో అంతస్తులో మాకు తెలిసిపోతుందని మాత్రం అంటాను.

ఒకరోజు నజ్లా మా వంటింట్లో కూర్చుని మలూఖియా ఆకు తుంచుతోంది. మా అమ్మాయి రీతాజ్, రెండో తరగతి, పక్కన చేరి అడిగింది.

"అత్తా, పుట్టినరోజుకి నీకేం కావాలి?"

"తలుపున్న గది."

"ఎంత పెద్దది?"

"నేను పట్టేంత చాలు. లోపల ఇంకెవరూ ఉండకూడదు. నేను తలుపేసుకుంటే 'నజ్లా, లోపల ఏం చేస్తున్నావ్' అని ఎవరూ అడగకూడదు. తెస్తావా?"

నజ్లా నవ్వి, ఆకు నా ముందుకు తోసి, కిందికెళ్లిపోయింది. రీతాజ్ నవ్వలేదు. మా పిల్ల దగ్గర ఏదీ వేళాకోళానికి అనకూడదు. ఆర్డరు అనుకుంటుంది.

"అమ్మా, అత్తకి గది చేద్దాం."

"దేంతో?"

"అట్టతో. బళ్లో పాత అట్టతో పెన్సిళ్లకి ఇల్లు చేశాం కదా."

"పెన్సిల్ వేరు, అత్త వేరు."

"అత్త కూడా సన్నగానే ఉంటుంది."

వాదనలో పసలేదని చెప్పలేకపోయాను. పైగా నాకూ సరదా పుట్టింది. పప్పు నానబెట్టడం, బట్టలు ఆరేయడం, మళ్లీ పప్పు నానబెట్టడం, వీటి మధ్య మనిషికి ఒక చిన్న కుట్రైనా ఉండాలి. "సరే, కానీ గురువారం, పుట్టినరోజు దాకా అత్తకి తెలియకూడదు" అన్నాను.

"ఎవ్వరికీ తెలియకూడదు" అంది రీతాజ్. "ఒట్టెయ్యి." వేశాను. తర్వాత పశ్చాత్తాపపడ్డాను.

పక్కవీధిలో ఫ్రిజ్‌లు, స్టవ్‌లు అమ్మే షాపుంది. ఖాళీ పెట్టెలు వెనకసందులో పడేస్తాడు, పాతసామానువాడు బండిమీద వేసుకుని పోతాడు. అతనికన్నా ముందు వెళ్లి ఒకటి పట్టుకురమ్మని మా బిల్డింగు వాచ్‌మన్ బస్తావీని అడిగాను. మంచి మనిషి, మీసాలున్నాయి, పని తక్కువ. ఫ్రిజ్ పెట్టె తెచ్చి మెట్ల కింద నిలబెట్టాడు. నాకన్నా ఎత్తుంది.

"మడతపెట్టి తెస్తానమ్మా, సుఖం."

"వద్దు! మడతపడితే గోడ వంకరొస్తుంది" అని రీతాజ్ అడ్డుపడింది. తర్వాత పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి ఆలోచించింది. "బస్తావీ బాబాయ్, నువ్వు దీన్ని ఒక చేత్తో ఎత్తావా?"

"ఒక చెయ్యేంటి, వేలితో ఎత్తుతా. గాలే కదా."

"అలా ఎత్తితే ఖాళీ అని అందరికీ తెలుస్తుంది. ఖాళీ పెట్టె ఎందుకని అడుగుతారు. అత్తకి తెలిసిపోతుంది. బరువుగా ఎత్తు."

బస్తావీ నావైపు చూశాడు. తల్లిగా, చదువుకున్నదానిగా నేను అడ్డు చెప్పాల్సిన చోటు అదే. "పిల్ల ముచ్చటపడుతోంది, కాస్త మూలుగు బాబాయ్" అన్నాను.

కాస్త మూలగమంటే ఆయన ప్రాణం పెట్టి మూలిగాడు. పెట్టెని వీపు మీద వేసుకుని, నడుం వంచి, మెట్టుమెట్టుకీ "దేవుడా, నీదే భారం" అంటూ ఎక్కాడు. మొదటి అంతస్తులో గోడకి ఆనుకుని రొప్పాడు. రెండో అంతస్తుకి వచ్చేసరికి ఉమ్మ్ వలీద్ తలుపు తెరుచుకుని ఉంది. ఆమె తలుపు మూసుంటే మేం ఆరోగ్యం కనుక్కుంటాం.

"ఫ్రిజ్జే! ఎవరికమ్మా రీతాజ్ వాళ్లమ్మా? మీది బాగానే ఉందిగా!"

అప్పుడే నేను నిజం చెప్పింది. "ఫ్రిజ్ లేదు ఏమీ లేదక్కా. ఖాళీ పెట్టె."

ఉమ్మ్ వలీద్ బస్తావీని చూసింది. ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆ చెమట ఎక్కడినుంచి తెచ్చాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"ఖాళీయేలే తల్లీ" అంది ఉమ్మ్ వలీద్, నా భుజం తట్టి. "ఖాళీయే. నేనేమీ చూడలేదు. దేవుడు చల్లగా చూడాలి."

మర్నాడు రెండో పెట్టె వచ్చింది. కప్పుకి అట్ట చాలదని రీతాజ్ తేల్చింది మరి. ఇది వాషింగ్ మెషీన్‌ది. ఆ మర్నాడు తలుపుకోసం స్టవ్ పెట్టె. ఈసారి బస్తావీ తోడుకి ఇంకో మనిషిని కూడా తెచ్చుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని "నీ వైపు దించు, నా వైపు ఎత్తు" అని అరుచుకుంటూ ఎక్కారు. రెండో అంతస్తులో ఉమ్మ్ వలీద్ వాళ్లని కూర్చోబెట్టి టీ ఇచ్చి, వివరాలడిగింది. "మాకేం తెలీదమ్మా, ఖాళీ పెట్టెలే" అన్నాడట బస్తావీ, రెండో కప్పు అందుకుంటూ.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, స్టవ్. మా దగ్గర చిన్నపిల్లకైనా తెలుసు, ఈ మూడూ ఒకే వారంలో ఒకే ఇంటికి వచ్చాయంటే దాని అర్థం ఏంటో. ఇంట్లో పెళ్లికావలసిన పిల్ల ఉంటే చెప్పనే అక్కర్లేదు. నాకూ తెలుసు. కానీ నేను ఆ సమయంలో మైదాపిండి జిగురు మాడకుండా కలుపుతున్నాను. బుర్ర అక్కడుంది.

మర్నాడు కూరగాయలవాడు కొత్తిమీర కట్ట ఒకటి ఎక్కువేసి, "శుభం జరుగుతోందట!" అన్నాడు. "అబ్బే, అదేం లేదు" అన్నాను. ఇంకో నిమ్మకాయ వేశాడు. రొట్టెలవాడు వేడివి ఏరి ఇచ్చాడు. మాంసం కొట్టువాడు ఎముక తీసేసి తూచాడు, నా కాపురంలో మొదటిసారి. ఆ వారం ఎక్కడ కాదంటే అక్కడ ఏదో ఒకటి ఊరికే వచ్చింది. ఒక్క అబద్ధమూ ఆడలేదు నేను. సంచి మాత్రం బరువెక్కింది. మా ఆయనకి చెబితే, "కాఫీ హోటల్లో నాకూ అభినందనలు చెబుతున్నారు. ఎందుకో అనుకున్నాను" అని పేపర్ తిప్పాడు.

పెట్టెలు మా అతిథుల గదిలో దాచాం. మా ఇళ్లల్లో అతిథుల గది అంటే బంగారు రంగు కుర్చీలు దుప్పట్లు కప్పుకుని, ఎవరో పెద్దమనిషి వస్తాడని ఏళ్లతరబడి ఎదురుచూసే చోటు. ఇంట్లోవాళ్లు అందులో అడుగు పెట్టరు. తాళంచెవి పప్పుడబ్బాలో వేశాను. మధ్యాహ్నాలు నేనూ రీతాజూ లోపల చేరి అట్ట కోసేవాళ్లం, జిగురు రాసేవాళ్లం. కుర్చీల మీద కప్పిన దుప్పట్లు ఆ వారం చాలా చూశాయి.

అప్పుడు మా అత్తగారు పైకి వచ్చింది. మెట్లెక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవని పండగలకి కూడా రాని మనిషి.

"సుహైర్, నువ్వు నా కోడలివా, కాదా?"

"అవును అత్తయ్యా."

"నా కూతురి పెళ్లిసామాను నీ ఇంట్లో దిగుతోంది. నాకు కూరగాయలవాడు చెప్పాలా?"

ఒట్టుని పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అత్తయ్యా, అవి ఖాళీ పెట్టెలు. రీతాజ్ వాళ్ల అత్తకి పుట్టినరోజు బహుమతి చేస్తోంది. అట్టతో. చూపిస్తాను రండి."

మా అత్తగారు నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. చెయ్యి పట్టుకుంది.

"శభాష్. ఇంత తెలివి నీకుందనుకోలేదు. అలాగే చెప్పు, అందరికీ అదే చెప్పు. నాకు కూడా చెప్పకు! నా నోటి సంగతి నాకు తెలుసు."

"లేదు అత్తయ్యా, నిజంగానే..."

"ష్! చూపించొద్దు. తల్లి కన్ను కూడా కన్నే. తగలొచ్చు." వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఆగింది. "అబ్బాయి ఏ వీధివాడో అది మాత్రం... వద్దులే, చెప్పకు." సంతోషంతో మోకాళ్ల నొప్పి మర్చిపోయి చకచకా దిగిపోయింది.

మర్నాడు పొద్దున నేను బజారుకి వెళ్లొచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. అత్తగారు తన దగ్గరున్న మా ఇంటి రెండో తాళంచెవితో వచ్చి దిష్టి తీసి వెళ్లింది. దిష్టి తియ్యడానికి మావాళ్లు కాగితంతో మనిషిబొమ్మ కత్తిరించి, "ఉమ్మ్ వలీద్ కంటికి, కూరగాయలవాడి కంటికి" అని ఒక్కొక్కరి పేరూ చెబుతూ సూదితో పొడిచి, నిప్పుల్లో వేస్తారు. ఆవిడ కాగితంతో సరిపెట్టుకోలేదు. ఫ్రిజ్‌కి తగిలిన దిష్టి ఫ్రిజ్ అట్టకే పోవాలనుకుందట. బాల్కనీలో ఆరబెట్టిన అట్ట కనబడింది. అది మేం చేస్తున్న అట్ట ఇంటి ముందుగోడ. దాని నడిమధ్యన ఇప్పుడు ఒక మనిషి ఆకారంలో కన్నం ఉంది. తల, రెండు చేతులు, రెండు కాళ్లు.

రీతాజ్ బడినుంచి వచ్చి దాన్ని చూసి బావురుమంది. ముక్కు తుడిచాను. నిమ్మరసం తాగించాను. కాసేపటికి వెక్కిళ్లు ఆపి, కన్నంలోంచి తల అవతలికి పెట్టి చూసింది.

"అమ్మా, ఇది కిటికీ."

"కిటికీయే" అన్నాను. "ఇలాంటి కిటికీ మన వీధిలో ఎవరికీ లేదు."

ఇదంతా బాగానే ఉంది. నవ్వుకోవడానికి పనికొచ్చింది. బుధవారం సాయంత్రం నజ్లా వచ్చేదాకా.

తలుపు తీసేసరికి తెల్లకోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"వదినా, నాకు పెళ్లి కుదిరిందట."

"ఎవరన్నారు?"

"ఎవరనలేదని అడుగు. పొద్దుటినుంచి షాపుకొచ్చిన ప్రతివాళ్లూ చెయ్యి నొక్కి వెళ్తున్నారు. నేను కాదంటే కన్నుకొడుతున్నారు. అమ్మనడిగితే సాంబ్రాణి వేస్తూ 'నాకేం తెలీదు తల్లీ' అని నవ్వుతోంది. అన్నయ్యనడిగితే పేపర్ చూస్తున్నాడు. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. పెళ్లికొడుకెవరు?"

నా వెనక రీతాజ్ నిలబడి ఉంది. వేళ్లనిండా జిగురు. చేతులు వెనక్కి దాచుకుని, కళ్లతోనే ఒట్టు గుర్తుచేస్తోంది. ఎదురుగా నజ్లా. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ క్షణం ఒక్కమాట చెబితే అయిపోయేది. పిల్ల వారం రోజుల కష్టం గాలికిపోయేది.

"నాకేం తెలీదు నజ్లా" అన్నాను.

అనేశాక తెలిసింది ఏమన్నానో.

"అయితే నిజమేనన్నమాట" అంది నజ్లా, నెమ్మదిగా. "నువ్వు కూడానా వదినా? ఒక్కమాట అడగాలని మీ ఎవ్వరికీ అనిపించలేదా? గిన్నెలకోసం గది ఇచ్చేశాను, నోరెత్తలేదు. ఇప్పుడు గిన్నెలతోపాటు నన్ను కూడా సర్ది పంపేస్తున్నారు. రేపు గురువారం కదా. అందరూ వస్తున్నారట. రానీ. అందరిముందూ చెబుతాను."

మెట్లు దిగిపోయింది. వెనక్కి పిలుద్దామని నోరు తెరిచాను. రీతాజ్ నా గౌను పట్టుకుంది. "రేపే కదా అమ్మా. రేపు చూస్తే కోపం పోతుంది. ప్లీజ్."

పిలవలేదు. ఆ రాత్రి కింద అంతస్తులో గురక ఒక్కటే వినిపించింది. నజ్లా మేలుకునే ఉండుంటుంది.

గురువారం సాయంత్రం మా ఇంటికి మా అత్తగారు "కొద్దిమందిని" పిలిచింది. "పుట్టినరోజనే చెప్పాను. అర్థమయ్యేవాళ్లకి అర్థమవుతుంది" అంది. అర్థం కానివాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరని హాలు నిండాక తెలిసింది. పెళ్లికి కట్టుకునే బట్టలు, చెవులకి బంగారం. ఉమ్మ్ వలీద్ పెద్ద జగ్గునిండా ఎర్రటి గులాబీ షర్బతు తెచ్చింది. మా దగ్గర అది పెళ్లి ఖాయమైతేనే పోస్తారు. నేను చేసిన కేకు బల్లమీద ఒక మూల బిక్కుబిక్కుమంటూ ఉంది. ఇంతమంది వస్తే కూడా అతిథుల గది తియ్యకుండా భోజనాల కుర్చీల్లో కూర్చోబెట్టాను కదా, సామాను అందులోనే ఉందనడానికి వాళ్లకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. లోపల రీతాజ్ గొళ్లెం పెట్టుకుని కూర్చుని ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే ఉమ్మ్ వలీద్ నాలుక ఆడిస్తూ పెళ్లికూత పెట్టింది. పదిమంది అందుకున్నారు. నజ్లా షాపునుంచి తెల్లకోటుతోనే గుమ్మంలోకి వచ్చేసరికి మా అత్తగారు దిష్టి తగలకుండా గుప్పెడు ఉప్పు ఆమె మీద చల్లింది. నజ్లా జుట్టులోంచి ఉప్పు దులుపుకుంది. కూతలు ఆగేదాకా ఆగింది.

"అందరూ ఉన్నారు కాబట్టి ఒకేసారి చెబుతున్నాను. నేను ఒప్పుకోను."

ఎవరి చేతిలోనో గ్లాసు టక్కున బల్లమీదకి దిగింది.

"ఎవరిని?" అంది ఉమ్మ్ వలీద్.

"నేనూ అదే అడుగుతున్నాను, ఎవరిని? నిన్నటినుంచి అడుగుతున్నాను!"

"అయ్యో, ముందు అబ్బాయిని చూడవే, చూడకుండా కాదంటే ఎలా?" అంది మా అత్తగారు.

"నువ్వు చూశావా అమ్మా?"

"నేనెక్కడ చూశాను? నాకెవరు చెప్పారు? నీ వదినకి తెలుసు అంతా."

పాతికమంది నావైపు తిరిగారు. నజ్లా కూడా తిరిగింది. ఊరికే వచ్చిన కొత్తిమీర, నిమ్మకాయలు, ఎముకలేని మాంసం, అన్నీ ఒక్కసారిగా నాకు గొంతుకి అడ్డంపడ్డాయి.

"అవి ఖాళీ పెట్టెలు" అన్నాను. "మొదటిరోజునుంచీ అదే చెబుతున్నాను."

ఈసారి ఎవరూ కన్నుకొట్టలేదు. నేను వెళ్లి అతిథుల గది తలుపు తట్టాను.

"రీతాజ్, తలుపు తియ్యి."

"ఇంకా పాట పాడలేదు కదా!" లోపల్నుంచి.

"పాట తర్వాత. ముందు తలుపు."

గొళ్లెం తీసిన చప్పుడయింది. రెండు తలుపులూ తెరుచుకున్నాయి.

బంగారు కుర్చీలన్నీ గోడవారకి జరిగి, మధ్యలో మా అట్ట ఇల్లు నిలబడి ఉంది. ఏటవాలు కప్పు. ఆకుపచ్చ తలుపు, లోపల్నుంచి బిగించుకోవడానికి తాడు. ముందుగోడలో చేతులు చాచిన మనిషి ఆకారంలో కిటికీ. ఎంత రంగు పూసినా పక్కగోడ మీద "ఇది పైవైపు" అన్న బాణం గుర్తు పోలేదు. తలుపు పక్కన "పగిలే వస్తువు, జాగ్రత్త" అని ఎర్రక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి కింద రీతాజ్ తన చేతిరాతతో "నజ్లా అత్త గది" అని రాసింది.

ఆడవాళ్లు గుమ్మం దగ్గర గుంపుకట్టారు. ఫ్రిజ్ కోసం వెతుకుతున్నారు పాపం. ఉమ్మ్ వలీద్ వంగి అట్టతలుపు వంక చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"పెళ్లికొడుకు లోపలున్నాడా?"

"లోపల ఎవరూ లేరు!" అంది రీతాజ్, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎప్పుడూ విననట్టు. "అదే కదా బహుమతి!"

నజ్లా కదల్లేదు. ఆ ఇంటిని కిందినుంచి పైదాకా చూసింది. రీతాజ్‌ని చూసింది, దాని జుట్టుకి అంటుకున్న అట్టముక్కని చూసింది. తర్వాత చెప్పులు విడిచి, తల వంచి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తాడు బిగించిన చప్పుడు వినిపించింది.

అందరూ ఒకేసారి కిటికీలోంచి తొంగిచూడబోయారు. లోపల్నుంచి తెల్లకోటు వచ్చి కిటికీకి అడ్డంగా పడింది.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. పుట్టినరోజుకి వచ్చినవాళ్లు పాటైనా పాడాలి. పెళ్లికి వచ్చినవాళ్లు కూతైనా పెట్టాలి. అట్టపెట్టెకి ఏం చెయ్యాలో మా అమ్మమ్మలు ఎవరూ నేర్పలేదు. మా అత్తగారే ముందుకొచ్చి గోడ మీద వేలితో తట్టింది.

"ఒసేయ్, బయటికి రావే. అందరూ చూస్తున్నారు."

"ఎవరూ చూడట్లేదమ్మా. బాగుంది ఇక్కడ."

గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వచ్చింది. మళ్లీ పలికింది. ఈసారి మందులషాపులో చీటీ చూసి మోతాదు చెప్పే గొంతు.

"అమ్మా, రేపు సెలవు. గిన్నెలు నీ గదిలోకి మార్చేద్దాం."

"గిన్నెలా? నా గదిలో చోటెక్కడే?"

"నా మంచం తీస్తే చోటే."

"గాజుగ్లాసులు కదిపితే పగుల్తాయే తల్లీ!"

"పగిలితే దిష్టి పోయినట్టేనని నువ్వే కదా అంటావ్."

తన మాటని తనే కాదనడం మా అత్తగారికి ఎప్పుడూ అలవాటు లేదు. సాయం కోసం చుట్టూ చూసింది. ఉమ్మ్ వలీద్ షర్బతు జగ్గు వంక చూస్తోంది.

"బస్తావీని పిలిపిద్దాం అత్తయ్యా" అన్నాను నేను, గౌరవంగా. "బరువులు ఎత్తడం ఆయనకి బాగా వచ్చు."

"అయితే ఆ చేపల పళ్లేలు మాత్రం కదపనివ్వను" అంది ఆవిడ చివరికి. దానర్థం మిగతావన్నీ కదులుతాయనే. లోపల్నుంచి నజ్లా ఒక్క పెళ్లికూత పెట్టింది, పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాకా. ఒక పెళ్లికూతురు తనకోసం తనే కూత పెట్టుకోవడం మా వీధి ఎప్పుడూ వినలేదు. అయినా అలవాటుకొద్దీ అందరూ అందుకున్నారు.

ఇక షర్బతు తెచ్చి మళ్లీ పట్టుకెళ్లడం అశుభం కాబట్టి పోశారు, తాగారు. కేకు కోశాం. రీతాజ్ పాట పాడించింది. నజ్లా బయటికి వచ్చింది, కళ్లు ఉబ్బి, జుట్టునిండా ఉప్పుతో, నవ్వుతూ. నా చెంప మీద చిన్నగా ఒకటి వేసింది. "నాకేం తెలీదు నజ్లా, అట!" రెండోది కొంచెం గట్టిగా వేసింది. రెండూ నావే, నేను సంపాదించుకున్నవే.

జనం కేకు పళ్లేలతో హాల్లోకి మళ్లాక ఉమ్మ్ వలీద్ మాత్రం అతిథుల గదిలోనే తచ్చాడుతోంది. ఆమె ఇంట్లో ఆమె, మొగుడు, అయిదుగురు పిల్లలు, మొగుడి తల్లి, మొగుడి తమ్ముడు. రీతాజ్ దగ్గరకి వచ్చి చెవిలో ఏదో అడిగింది. రీతాజ్ పెద్దమనిషిలా నజ్లాని అడిగి వచ్చింది.

"అత్త సరేనంది. కానీ చెప్పులు విప్పాలి."

ఉమ్మ్ వలీద్ చెప్పులు విప్పింది. సన్నటి మనిషి కాదు. గోడలు రెండూ కాస్త ఉబ్బాయి గాని మైదాపిండి నిలబడింది. తాడు బిగుసుకుంది. ఆ తర్వాత లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎంతసేపయినా లేదు. హాల్లోంచి ఒకరు వచ్చి చూశారు, ఇంకొకరు వచ్చారు. మెల్లగా ఆకుపచ్చ తలుపు ముందు చిన్న వరుస తయారైంది. అందులో మా అత్తగారు మూడోది. "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, కూర్చుందామని" అని అడక్కుండానే చెప్పింది.

అప్పుడు మెట్లలోంచి మొగగొంతు ఒకటి పైకి లేచింది. రెండో అంతస్తునుంచి ఉమ్మ్ వలీద్ మొగుడు, అబూ వలీద్.

"ఉమ్మ్ వలీద్! ఓయ్! అన్నం ఎక్కడ పెట్టావ్? చిన్నవాడు ఏడుస్తున్నాడు! ఉమ్మ్ వలీద్ అక్కడుందా?"

ఇంటినిండా ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

"ఇక్కడికి రాలేదూ!"

నజ్లా వెళ్లి బయటి తలుపు గడియ పెట్టి వచ్చింది.